ఊరికి మారుపేరు

41. అమావాస్య పోటు మర్నాడు

కరెంటు పుట్టించే ఎండ పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచే వంతు ఇవాళ నాది. తుడిచి, గుడ్డ పిండుకుని కిందికి దిగేసరికి చలపతి గారు మెట్ల మీద కూర్చుని నా వ్యాసం చదివేస్తున్నారు. అడిగితే గదా! పేరుకి ఇద్దరం కలిసి రాస్తున్నదే. ఊళ్ళు తిరిగేది నేను, కొండ దిగకుండా వాక్యాలు దిద్దేది ఆయన.

"పరిచయం పొడుగైందమ్మాయ్" అన్నారు.

"మీ మీసం కూడా పొడుగైంది. నేనేమైనా అన్నానా?"

నవ్వారు. ఆయన నవ్వితే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. 'తీరసమాజం' పత్రిక గడువు పున్నమి పోటు లోపలే. అది దాటితే మళ్ళీ ఏడాది దాకా కరణం మా మొహం చూడడు.

కరణం అంటే మనిషి కాదు, నీటి మండలి వాళ్ళ యంత్రం. సముద్రం ముంచకుండా వదిలిపెట్టిన దిబ్బల్లో దేనికెంత మంచినీరు వదలాలో అదే తేలుస్తుంది. అసలు పేరు బారెడుంది. జనం కరణం అన్నారు, అదే నిలిచింది. అర్జీ పెడితే నమ్మడు, ఏడిస్తే నమ్మడు. పండితులు పరీక్షించి, పత్రికలో అచ్చేసిన పరిశోధన వ్యాసాన్ని మాత్రం నమ్ముతాడు. అందుకే మాలాంటి వాళ్ళకి ఈ కొండ మీద ఇంకా గది, తిండి దొరుకుతున్నాయి.

ఈ పద్దులు మాత్రం చేత్తో కాగితం మీద రాసుకుంటున్నాను. కాగితం వాడి కంట పడదు. ఎవరినైనా తిట్టుకోవాలంటే ఇదే చోటు.

42. విదియ

వీర్రాజు పడవలో కాకరదిబ్బకి వెళ్ళాను. వీర్రాజుది నల్లగట్టు, కాలవ మలుపు అవతల ఉన్న ఇంకో దిబ్బ. నోరు మూసుకుని పడవ నడపడం ఆయన వల్ల కాదు. "మా నల్లగట్టులో అయితేనండి" అని ఎత్తుకుంటే రేవు వచ్చేదాకా అదే పాట. వాళ్ళ రేవు పడమటికి తిరిగి ఉంటుందట, ఏ దిబ్బకీ అలా లేదట. నీళ్ళ ట్యాంకు ఎప్పుడో ఓ పక్కకి ఒరిగిందట, పడమంటే పడదట. మునిగిన చర్చిలోంచి గంట పైకి లాగి ఆ ట్యాంకుకే వేలాడదీశారట.

"పోటు గాలొత్తే అదే మోగుద్దండి. మా ఆవిడ గంట ఇని గంజి దింపుద్దండి, ఆయ్."

"మరి గాలి లేని రోజున మాడిన గంజేనా?"

"ఆ రోజు నేను మాటాడనండి" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

కాకరదిబ్బలో మధ్యాహ్నం కుళాయి వదులుతారు. వేలిముద్ర వేసి వాటా పట్టుకున్న ప్రతి ఆడమనిషీ ఇంటికి పోయే దారిలో ఆదెమ్మ పాక వెనక ఆగుతుంది. అక్కడో మట్టి గాబు ఉంది. మొదటి చెంబు అందులో ఒంపి, తలెత్తకుండా వెళ్ళిపోతుంది. ఎవరు ఒంపారో, ఎవరు ఒంపలేదో పక్కవాళ్ళు చూడకూడదు. చూడటం తప్పు. ఆ నీళ్ళు లెక్కలో లేని వాళ్ళవి. మునిగిపోయిన పెదలంక నుంచి వచ్చి, మండలి చిట్టాలోకి ఎక్కక, మడచెట్ల చాటున పాత పడవల్లో కాపురం ఉంటున్నారు. దొరికితే వాళ్ళని మండలి ఎక్కడికో పంపుతుంది. అలా వెళ్ళినవాళ్ళ నుంచి ఇంతవరకు కబురు లేదు.

నా వ్యాసం ఈ గాబు గురించే. ఇలా పంచుకునే ఊళ్ళో గొట్టాలకి దొంగ కన్నాలు పడవు, కుళాయి దగ్గర తలలు పగలవు. కాబట్టి ప్రతి దిబ్బకీ తలల లెక్క మీద ఇంకాస్త కలిపి ఇవ్వండి అని నా వాదన. కరణం ఒప్పుకుంటే పెదలంక వాళ్ళు దొంగల్లా తాగక్కర్లేదు. ఇంతకన్నా పెద్ద పని నా జన్మలో చెయ్యను.

అచ్చుకి ముందు ఊరి వాళ్ళకి చదివి వినిపించి ఒప్పుకోలు తీసుకోవాలి, పత్రిక నిబంధన. ఆదెమ్మ చేపలు చీరుతూ విన్నది. అరవై దాటిన మనిషి. ఊరి ఆడవాళ్ళంతా ఆమె మాట మీద ఉంటారు. అయ్యాక కత్తి పక్కన పెట్టింది.

"బానే రాసేవు. మా ఊరి పేరు మాత్తరం రాకూడదు."

"రాదు ఆదెమ్మా. మారుపేరు పెడతాను."

"కాకికి కోకిలని పేరెడితే అరుపు మారిపోద్దా?"

"ఆనవాళ్ళు కూడా మార్చేస్తాను. నీకే గుర్తు దొరకదు."

"నా గాబు నీళ్ళు తాగి మాటిత్తన్నావు ఎస్తేరమ్మా. ఆళ్ళల్లో పురిటి పిల్లలున్నారు" అంది.

మాటిచ్చాను.

44. దశమి

ఆనవాళ్ళు మార్చడంలో చలపతి గారిది అందెవేసిన చెయ్యి.

"ఒక ఊరి ముక్కు తీసి ఇంకో ఊరికి పెట్టాలమ్మాయ్. ఎక్కడిదో తెలియకూడదు. అలాగని లేని ఊరిలా కనపడకూడదు."

మా వృత్తిలో దీన్ని అబద్ధం అనరు, మర్యాద అంటారు. మా గురువులు చేశారు, వాళ్ళ గురువులూ చేశారు. కాకరదిబ్బ శాంతిపేట అయింది. ఆదెమ్మ లక్ష్మి అయింది, వింటే నా మీద చీపురు తిరగేస్తుంది. తూర్పు రేవుని పడమటికి తిప్పాను. ఊరి నడుమ ఒరిగిన ట్యాంకొకటి నిలబెట్టాను. వీర్రాజు కబుర్లు చెవిలో ఉన్నాయి కదా, చేతికి అవే వచ్చాయి. రాస్తుంటే సరదాగా కూడా ఉంది.

ఇక పంపే తతంగం. సారాంశం పది వాక్యాలు దాటకూడదు. మా ఇద్దరి పేర్లూ తీసెయ్యాలి, రాసిందెవరో పరీక్షకులకి తెలియకూడదట. ఆధారాల జాబితాలో కామాలు సరిగా లేవని గంట తిరక్కుండా వెనక్కి కొట్టారు. మనుషులు దాహానికి చస్తుంటే కామాలు! తిట్టుకుంటూ దిద్ది పంపాను. మళ్ళీ తిరిగొచ్చింది. పటంలో ఉత్తర దిక్కు గుర్తు లేదట. రేవునే తిప్పేసినదాన్ని, బాణం గుర్తు ఎటు పెట్టాలో ఓ క్షణం నాకే తోచలేదు. మూడోసారి పుచ్చుకున్నారు.

47. బహుళ చవితి

పరీక్షకుల అభిప్రాయాలు వచ్చాయి. మొదటి మనిషి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకున్నాడు, వాడి కడుపు చల్లగుండ. రెండోవాడున్నాడు చూడండి! 'స్థల నేపథ్యం పలచగా ఉంది. ఇటువంటి ఊరు నిజంగా ఉన్నదని నమ్మడం కష్టం. మరిన్ని వివరాలు చేర్చవలెను.'

"నమ్మడం కష్టమట! వచ్చి ఆ గాబు ముందు కూర్చోమనండి వాణ్ణి!"

"నువ్వు అరిస్తే అచ్చు కాదమ్మాయ్. వివరాలియ్యి" అన్నారు చలపతి గారు.

నిజం వివరాలు ఇవ్వడానికి లేదు. పున్నమి లోపల పరీక్ష తేలని వ్యాసాన్ని దయదలిచి తర్వాతి అమావాస్య దాకా ఆపారు, మళ్ళీ ఆపరు. వీర్రాజు పడవెక్కి, ఈసారి నేనే అడిగాను.

"మీ ఊరి సంగతులు ఇంకా చెప్పండి వీర్రాజు గారూ."

పాపం, ఆ మొహం చూడాలి. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. వాళ్ళ వలల రంగు దగ్గర్నుంచి, ఎండుచేపలు ట్యాంకు నీడలో ఎందుకు ఆరబెట్టరో దాకా చెప్పాడు. అవన్నీ శాంతిపేటకి తరలిపోయాయి. శాంతిపేట ట్యాంకుకి గంట వేలాడింది. ఆడవాళ్ళు గంట విని గంజి దింపారు.

ఏకాదశి నాడు ఇక్కడే చేరుస్తున్నాను: రెండో పరీక్షకుడు ఈసారి ఒకే వాక్యం రాశాడు. 'ఇప్పుడు ఊరు కళ్ళకు కట్టింది.'

50. అమావాస్య

అచ్చయింది! చలపతి గారు ఎక్కడ దాచారో బెల్లం ముక్క తెచ్చి చేతిలో పెట్టారు. కొరికితే ఇసుక తగిలింది, అయినా తిన్నాను. పెదలంక పిల్లలు పట్టపగలు కుళాయి దగ్గర నిలబడి నీళ్ళు తాగడం తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఆయన చూడకుండా మొహం తిప్పుకున్నాను.

51. తదియ

కరణం చదివాడు.

పలకలు తుడుస్తున్నాను. చలపతి గారు మెట్లెక్కి వచ్చారు, మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ ఎక్కని మనిషి. ఉత్తర్వు చదివి వినిపించారు.

'సదరు వ్యాసములోని శాంతిపేట, నల్లగట్టుగా గుర్తించబడినది. ఇంటికి ఒక చెంబు చొప్పున బయటివారికి పోయగలుగుతున్నందున, ఆ మేరకు సరఫరా అధికముగా ఉన్నట్లు తేలినది. ఇంటికి ఒక చెంబు తగ్గించడమైనది.'

ఎక్కువ ఇమ్మని రాశాను. వాడికి మిగులు కనపడింది. నల్లగట్టులో ఒంపే చెంబూ లేదు, ఒంపడానికి గాబూ లేదు. వాళ్ళ గొంతుల్లోంచే తీశాడు.

"మనం చేసిన పనేనా ఇది?" అన్నాను.

"కాకరదిబ్బ బయటపడలేదమ్మాయ్, అది చూసుకో. ముసుగు బాగానే పనిచేసింది."

చేతిలో ఉన్న తడిగుడ్డతో ఆయన మొహాన కొట్టాను. ఉప్పు కళ్ళలో పడి పాపం చాలాసేపు కడుక్కున్నారు. సిగ్గేసింది. క్షమించమని మాత్రం అడగలేదు.

53. షష్ఠి

వీర్రాజు కొండెక్కి వచ్చాడు.

"అమ్మగారూ, మా ఊరి మీద ఎవడో రాసేడంటండి. మేం నీళ్ళు దానం సేత్తన్నామంట! మండలోళ్ళొచ్చి ఇల్లిల్లూ ఎతికేరు. గాబు లేదంటే దాచేరంటన్నారు. మా కోడలు పచ్చి బాలింతండి, పాలు ఎండిపోయినియ్యి. మీరు రాసే మడిసి గదా, ఆడెవడో ఆడికి బదులు రాసెట్టండి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. చెప్పకుండా బదులు రాసి పంపేస్తే ఎలా ఉంటుందని ఒక్క క్షణం ఆలోచించాను కూడా, ఛీ.

"రాసింది నేనే వీర్రాజు గారూ."

ఆయన అర్థం కానట్టు చూశాడు. వేరే ఊరి సంగతిని దాచడానికి మీ ఊరి గుర్తులు వాడానని, రేవు, ట్యాంకు, గంట అన్నీ మీరు చెప్పినవేనని చెప్పాను. ఆ వేరే ఊరి పేరు మాత్రం చెప్పలేదు. విన్నాక మెట్టు మీద కూలబడ్డాడు.

"మీరు అడిగేరని సెప్పేనండి" అన్నాడు. లేస్తూ, "మరి మీరే సరిసెయ్యండి" అన్నాడు.

నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆయన వెళ్ళాక వ్యాసం వెనక్కి తీసుకుంటామని పత్రికకి రాశాను. కరణం చదివిన వ్యాసాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదట. సవరణ వేసుకోవచ్చట. అందులో అసలు ఊరి పేరు ఇవ్వాలట.

54. సప్తమి

కాకరదిబ్బకి వెళ్ళాను. దారి పొడుగునా వీర్రాజు పెదవి విప్పలేదు. ఆయన్ని రేవులోనే ఉండమని, ఆదెమ్మకి అంతా చెప్పాను. ఆమె ముందు నా చేతుల వైపు చూసింది.

"ఆ ఊళ్ళో పిల్లలున్నారా?"

"ఉన్నారు."

"ఆళ్ళూ పిల్లలే, కాదన్ను. ఇక్కడ గాబు తాగే పిల్లలున్నారు, ఆళ్ళని నేను ఎత్తుకున్నాను. ఏ పిల్లల్ని సంపాలో నన్నడగమాక. రాసింది నువ్వు. నువ్వే దిద్దుకో."

"ఆదెమ్మా—"

"పో. మళ్ళీ మొహం సూపించకు."

తిరుగు దారిలో మడచెట్ల మధ్య ఓ పడవలోంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఎవరో వెంటనే నోరు నొక్కేశారు. వీర్రాజు అటు చూశాడు, నా వైపు చూశాడు. అర్థమైపోయింది ఆయనకి. మోటారు చప్పుడు పెంచాడు. ఆయన కాకరదిబ్బ పేరు మండలికి చెప్పేస్తే నల్లగట్టు చెంబు నల్లగట్టుకి తిరిగొచ్చేస్తుంది.

"ఎవరండీ ఆళ్ళు?" అని రేవు దగ్గర అడిగాడు.

"పెదలంక వాళ్ళు."

"పెదలంక మునిగిపోయింది గదండి."

"ఊరు మునిగింది. మనుషులు మిగిలారు."

"నేనేం సూళ్ళేదండి" అని పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మునిగిపోయిందన్న ఆయన మాట మీదే నాకు ఉపాయం తట్టింది. సవరణలో శాంతిపేట అంటే పెదలంక అని రాశాను. సముద్రం పాలైన ఊరికి వాడు నీళ్ళెలా తగ్గిస్తాడు? వెళ్ళి వెతకమనండి చూద్దాం! చలపతి గారు కూర్చుని, పరిశోధన ఊరు మునగకముందే జరిగినట్టు తేదీలన్నీ మార్చారు. ఆయన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

56. త్రయోదశి

నల్లగట్టు చెంబు నల్లగట్టుకి తిరిగి ఇచ్చారు. వీర్రాజు సావళ్ళ ఎండుచేపలు మూటగట్టి తెచ్చి, గంట చీలలు తుప్పుపట్టి మొన్న గాలికి కిందపడిందని, మళ్ళీ ఎక్కిస్తున్నామని మొదలుపెట్టాడు. ఆపకుండా వాగాడు. నేను ఆపలేదు. ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాను. చలపతి గారికి చేప వేయించి పెట్టాను, తడిగుడ్డ బాకీ అలా తీరిందన్నారు.

57. పున్నమి పోటు

ఇంకో ఉత్తర్వు. ఈసారి అన్ని దిబ్బలకీ.

'నీరు పంచుకొనిన పెదలంక ప్రస్తుతము లేదు. పంచుకొనుట ఊరి మనుగడకు హానికరమని ఇందుమూలముగా తేలినది. ఇకపై తాగునీరు ఇంటికి తీసుకొనిపోరాదు. కుళాయి వద్దనే తాగవలెను.'

"పెదలంకని ముంచింది సముద్రం! పంచుకోవడం కాదు, సముద్రం! ఆ గుడ్డివాడికి సముద్రం కనపడదా?"

"మన సవరణలో సముద్రం అన్న మాట లేదమ్మాయ్" అన్నారు చలపతి గారు. "రెండు వాక్యాలకే చోటిచ్చారు. అందరికీ తెలిసిందే కదా అని నేనే కొట్టేశాను."

నేనైనా కొట్టేసేదాన్నే.

58. తర్వాతి విదియ

రావద్దన్నా కాకరదిబ్బకి వెళ్ళాను.

కొత్త కుళాయి బిగించారు. బిందె పెడితే చుక్క రాలదు. వేలిముద్ర వేసి, మూతి ఆనిస్తేనే వస్తుంది. కడుపు పట్టినంత తాగి పక్కకి తప్పుకోవాలి. వంటకి వేరే గొట్టంలో సగం ఉప్పు తీసిన నీళ్ళు వదులుతున్నారు, అవి తాగిన పసిపిల్లలు విరేచనాలతో రెండు రోజులు కూడా బతకరు. పెదలంక పడవల్లో ఒకటి ఖాళీగా ఉంది. ఎందుకని అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. ఆదెమ్మ కుళాయి వదిలి ఇటు వస్తుంటే ఎదురెళ్ళి పలకరించాను. పలకలేదు. కోపం, ఉండాల్సిందే అనుకున్నాను. నన్ను దాటుకుని పాక వెనక్కి నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను. గాబు మీద వంగి నోరు తెరిచింది. నీళ్ళు పడ్డాయి. ఆమె వెనక ఇంకో ఆమె వచ్చి వంగింది. ఆ వెనక పెదవులు బిగించుకుని, బుగ్గలు నింపుకుని మరో ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు.

ఆదెమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఇదీ రాత్తావా?"

"రాయను. అచ్చుకి ఇవ్వను ఆదెమ్మా."

"మరెందుకు నిలబడ్డావిక్కడ? కొండోళ్ళ ఏలుముద్రకి ఏ కుళాయైనా పలుకుద్ది గదా. ఎల్లి వరసలో నిలబడు."

వెళ్ళి నిలబడ్డాను. నా వంతు వచ్చింది. చల్లటి నీళ్ళు. నోటినిండా పట్టి, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ నడిచాను. ఎండ మాడిపోతోంది. మింగకూడదు, మింగకూడదు అనుకుంటూనే ఉన్నాను. గాబు చేరేలోపు సగం లోపలికి పోయింది.